లాసెట్ మాక్ టెస్టులు టైం పెట్టుకుని ఎప్పటి నుంచి రాయాలి? వరంగల్ వైపు విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

లా కోర్సుల ప్రవేశ పరీక్ష అయిన లాసెట్ రాసే పిల్లలకు చదువు చెబుతుంటాను. ఏ పుస్తకం కొనాలన్న సందేహం మొదటి వారంలోనే తీరిపోతుంది. చివరి దాకా వెంటాడేది ఇంకొకటి: "సార్, టైం పెట్టుకుని టెస్టులు ఎప్పటి నుంచి రాయాలి?"

హనుమకొండలో దీనికి రెండు సలహాలు దొరుకుతాయి. కొందరు మొదటి రోజు నుంచే రాయమంటారు. అలా రాసిన పిల్లలకు ఏమీ చదవకుండానే గుడ్డిగా ఆప్షన్ పెట్టే అలవాటు పడుతుంది. ఇంకొందరు సిలబస్ అంతా అయ్యాకే అంటారు. లాసెట్ సిలబస్‌లో జనరల్ నాలెడ్జ్, కరెంట్ అఫైర్స్ ఉన్నాయి, అవి ఎప్పటికీ "అయిపోవు". ఈ సలహా విన్నవాళ్లు హాల్ టికెట్ వచ్చేదాకా ఆగి, ఆదరాబాదరాగా రెండు మూడు పేపర్లు రాసి పరీక్షకు వెళ్తారు.

నేను చెప్పేది ఇది. లా ప్రాథమికాంశాలు ఒకసారి చదవండి. ఆ భాగం టైం లేకుండా రాస్తే పదింటిలో ఆరేడు సరిగ్గా వస్తున్నాయా చూడండి. వస్తే గడియారం పెట్టాల్సిన రోజు వచ్చినట్టే. మామూలుగా ఇది పరీక్షకు ఏడు వారాల ముందు వచ్చేలా చూసుకోవాలి. మొదట విడివిడి పార్టులకు టైం పెట్టాలి, పూర్తి పేపర్‌కు అయిదు వారాల ముందు నుంచి. దీన్ని ఎలా చేయాలో మెట్టు మెట్టుగా చెబుతాను.

ముందు పేపర్ లెక్క తెలుసుకోండి

తెలంగాణ ఉన్నత విద్యా మండలి తరఫున ఉస్మానియా యూనివర్సిటీ నిర్వహిస్తున్న లాసెట్‌లో 120 ప్రశ్నలు, 120 మార్కులు, టైం 90 నిమిషాలు. పార్ట్ ఎ జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ: 30 ప్రశ్నలు. పార్ట్ బి కరెంట్ అఫైర్స్: 30. పార్ట్ సి ఆప్టిట్యూడ్ ఫర్ ద స్టడీ ఆఫ్ లా: 60. నెగెటివ్ మార్కులు లేవు. పరీక్ష కంప్యూటర్ మీద రాయాలి. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఈ కనీస మార్కుల నిబంధన లేదు.

90 నిమిషాలంటే 5,400 సెకన్లు. ఒక్కో ప్రశ్నకు 45 సెకన్లు. ఈ 45 అందరికీ సమానమే గానీ అన్ని ప్రశ్నలకూ సమానం కాదు. 21ఎ అధికరణ దేని గురించో తెలిసిన పిల్లకు అయిదు సెకన్లు చాలు. తెలియని పిల్లకు అయిదు నిమిషాలిచ్చినా లాభం లేదు. ఎనిమిది మందిని బల్ల చుట్టూ కూర్చోబెట్టే రీజనింగ్ ప్రశ్న అలా కాదు, ఎంత టైం ఇస్తే అంతా తినేస్తుంది. టైం పెట్టి రాయడం ఎందుకంటే ఏ ప్రశ్న ఎంత తింటోందో మీకు తెలియడానికి.

42 మార్కులను లక్ష్యంగా పెట్టుకోకండి. నాలుగు ఆప్షన్ల ప్రశ్నలు 120 గుడ్డిగా పెట్టినా సగటున 30 వస్తాయి. అర్హత వేరు, సీటు వేరు. కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీలో సీటు కావాలంటే ర్యాంకు కావాలి.

మొదటి మెట్టు: టైం లేకుండా ఒక పాత పేపర్

ప్రిపరేషన్ మొదలైన మొదటి వారంలోనే ఒక పాత పేపర్ తీసి, గడియారం చూడకుండా రాయండి. ఇది టెస్టు కాదు, పేపర్‌తో పరిచయం. రెండు గంటలు పట్టినా మూడు గంటలు పట్టినా ఫర్వాలేదు. మార్కులు ఎవరికీ చెప్పొద్దు, ఇంట్లో అడిగినా సరే. ఏ పార్టులో ఎలాంటి ప్రశ్నలు వస్తాయో, ఏ మాటలు మీకు బొత్తిగా కొత్తో అవి మాత్రం రాసుకోండి.

ఇక్కడ ఒక జాగ్రత్త చాలా అవసరం. 2024 జులై 1 నుంచి ఐపీసీ (నేరాలకు శిక్షలు చెప్పే చట్టం) స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ (నేర విచారణ పద్ధతి చెప్పే చట్టం) స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లోకి వచ్చాయి. అంతకు ముందటి పేపర్ల జవాబుల కీలో హత్యకు శిక్ష 302, మోసం 420 అని ఉంటుంది. కొత్త చట్టంలో హత్యకు శిక్ష సెక్షన్ 103, మోసం 318. పాత కీ చూసి మార్కులు వేసుకుంటూ పోతే తప్పు జవాబే మెదడులో గట్టిపడుతుంది. పాత పేపర్ ప్రింట్ తీసుకున్న రోజే సెక్షన్ నంబర్లున్న ప్రశ్నలు వెతికి, పక్కన కొత్త నంబరు పెన్సిల్‌తో రాసుకోండి. ఒక సాయంత్రం పని, కానీ ఆ పేపర్లన్నీ మళ్లీ పనికొస్తాయి.

రెండో మెట్టు: చదువు, మధ్య మధ్య చిన్న టెస్టులు

తర్వాతి మూడు వారాలు చదువుకే. పార్ట్ సికే పెద్ద పీట వేయండి, మార్కుల్లో సగం అక్కడే ఉన్నాయి. రాజ్యాంగ పీఠిక, ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాలు, రిట్లు (హక్కుల రక్షణకు కోర్టులిచ్చే ఆదేశాలు), ముఖ్యమైన సవరణలు, కాంట్రాక్టులు, టార్ట్‌లు (నష్టపరిహారం అడగదగ్గ సివిల్ తప్పులు), నేరాల ప్రాథమిక సూత్రాలు, లీగల్ మాగ్జిమ్స్ (న్యాయ సూక్తులు). ఒక్కో అంశం అయ్యాక దాని మీద 20 ప్రశ్నలు రాయండి, టైం లేకుండా. 13, 14 సరైతే ముందుకు వెళ్లండి. 10 లోపే వస్తే మళ్లీ చదవండి.

ఈ దశలో గడియారం పెట్టొద్దని ఎందుకంటున్నానంటే, 32వ అధికరణకూ 226వ అధికరణకూ తేడా ఇంకా తేలని పిల్లవాణ్ని తొందరపెడితే వాడు తేడా నేర్చుకోడు. రెండింటిలో ఏదో ఒకటి టక్కున పెట్టడం నేర్చుకుంటాడు. 32 కింద సుప్రీంకోర్టుకు వెళ్లేది ప్రాథమిక హక్కుల కోసం. 226 కింద హైకోర్టు వాటితో పాటు ఇతర హక్కుల విషయంలోనూ రిట్ ఇవ్వగలదు. ఇది నింపాదిగా కూర్చుని అర్థం చేసుకోవాల్సిన సంగతి. ఒకసారి అర్థమైందంటే వేగం దానంతటదే వస్తుంది.

మూడో మెట్టు: పార్టులకు విడిగా టైం

పరీక్షకు ఏడు వారాలు ఉండగా ఇది మొదలవ్వాలి. పార్ట్ సి 60 ప్రశ్నలకు 40 నిమిషాలు పెట్టుకోండి. పార్ట్ బి 30 ప్రశ్నలకు 10 నిమిషాలు. కరెంట్ అఫైర్స్‌లో ఆలోచించి తేల్చేదేమీ ఉండదు, తెలిస్తే తెలుసు, లేకుంటే లేదు. పార్ట్ ఎకు 30 నిమిషాలు. మొత్తం 80. మిగిలిన పది నిమిషాలు పక్కన పెట్టిన ప్రశ్నల కోసం.

రోజుకు ఒక పార్టు చాలు. అలారం మోగగానే పెన్ను కింద పెట్టండి. మిగిలిపోయిన ప్రశ్నలను తర్వాత వేరే రంగు పెన్నుతో రాయండి. టైంలో వచ్చిన మార్కులు ఒకటి, టైం దాటాక వచ్చినవి కలిపితే ఒకటి. ఈ రెండింటి మధ్య తేడా ఎక్కువుంటే మీ సమస్య వేగం. తేడా లేకుండా రెండూ తక్కువే ఉంటే సమస్య చదువు. అప్పుడు ఎన్ని మాక్ టెస్టులు రాసినా మార్కులు కదలవు.

పాత పేపర్ల పార్ట్ బి ఇప్పుడు ఎందుకూ పనికిరాదు. మూడేళ్ల కిందటి క్రీడా విజేతలు ఈ ఏడు రారు. ముగ్గురు స్నేహితులు కలిసి దీనికి మంచి ఉపాయం చేయొచ్చు. ఒక్కొక్కరు ఆ నెల దినపత్రికల నుంచి 15 ప్రశ్నలు తయారు చేయాలి, నాలుగేసి ఆప్షన్లతో. మీరు రాసినవి వదిలేస్తే మిగతా ఇద్దరివి కలిపి 30, సరిగ్గా ఒక పార్ట్ బి. ప్రశ్న తయారు చేయడమే సగం చదువు.

తోడు ఎవరూ లేకపోతే పాత పేపర్లో పార్ట్ బి వదిలేసి మిగతా 90 ప్రశ్నలే రాయండి. 45 సెకన్ల లెక్కన 67 నిమిషాలు పెట్టుకోవాలి. చాలామంది పాత పేపర్లో బి వదిలేసి, టైం మాత్రం 90 నిమిషాలే ఉంచుకుంటారు. వేగం వచ్చేసిందనుకుంటారు, తీరా పరీక్షలో చూస్తే టైం చాలదు.

నాలుగో మెట్టు: పూర్తి పేపర్, పరీక్షలో ఉన్నట్టే

అయిదు వారాల ముందు నుంచి వారానికి రెండు, ఆఖరి రెండు వారాల్లో మూడేసి. మొత్తం పది పన్నెండు ఫుల్ టెస్టులు. ఇంతకన్నా ఎక్కువ అక్కర్లేదని నా గట్టి నమ్మకం. రోజుకో టెస్టు రాసేవాళ్లకు తప్పులు సరిదిద్దుకునే టైం మిగలదు. అవే తప్పులు రేపటి పేపర్లో మళ్లీ చేస్తారు.

ఏ పూట రాయాలన్నది చిన్న విషయం కాదు. ఇటీవల ఇంటర్ తర్వాత చేరే అయిదేళ్ల కోర్సు పరీక్ష సాయంత్రం సెషన్‌లో, డిగ్రీ తర్వాత చేరే మూడేళ్ల కోర్సువి అంతకు ముందు సెషన్లలో పెడుతున్నారు. మీ సెషన్ ఏదో హాల్ టికెట్ మీద ఉంటుంది. 2024, 2025లో పరీక్ష జూన్ మొదట్లో వచ్చింది; అలా వస్తే మీ ప్రాక్టీస్ అంతా మే నెలలో. వరంగల్‌లో మే నెల మధ్యాహ్నం రెండు దాటాక బుర్ర ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అయినా పొద్దున్నే లేచి చల్లగా రాసి మంచి మార్కులు తెచ్చుకుంటే ఆ మార్కులు మిమ్మల్ని మోసం చేస్తాయి. సాయంత్రం సెషన్ వాళ్లు కనీసం సగం టెస్టులు నాలుగు గంటలకే మొదలుపెట్టండి. ఆ రోజు మధ్యాహ్నం అన్నం కాస్త తగ్గించి తినండి.

వీలైనన్ని టెస్టులు కంప్యూటర్ మీద రాయండి. ఫోన్‌లో వద్దు. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే వారానికి ఒకసారైనా నెట్ సెంటర్‌కు వెళ్లండి. లాసెట్ అధికారిక వెబ్‌సైట్‌లో మాక్ టెస్ట్ లింకు పెడుతుంటారు. మార్కుల కోసం కాకపోయినా స్క్రీన్ అలవాటు కావడానికి దాన్ని రెండుసార్లు చేయండి. ప్రశ్నల నంబర్ల మీద నొక్కి ముందుకు వెనక్కి వెళ్లడం, రివ్యూకు గుర్తు పెట్టుకోవడం, మౌస్ పట్టుకుంటూనే కాగితం మీద లెక్క వేయడం, ఇవన్నీ చేతికి అలవడాలి. పల్లెల నుంచి వచ్చే తెలివైన పిల్లలు మౌస్ దగ్గర తడబడి మార్కులు పోగొట్టుకోవడం చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే ఇది రెండు గంటల్లో పోయే ఇబ్బంది. తెలుగు మాధ్యమం ఎంచుకునేవాళ్లు టెస్టులు కూడా తెలుగులోనే రాయాలి. ఇంగ్లిష్‌లో ప్రాక్టీస్ చేసి అక్కడ తెలుగులో చదవడం మొదలుపెడితే వేగం పడిపోతుంది.

మిగతా టెస్టులు ప్రింట్ తీసి రాసుకోవచ్చు. ఇల్లు ఇరుకైతే, టీవీ ఆగకపోతే గ్రంథాలయం రీడింగ్ హాలుకు వెళ్లండి. నలుగురి మధ్య కూర్చుని రాయడం కూడా ఒక సాధనే.

ఏ పార్టుతో మొదలుపెట్టాలి

పరకాల నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి మొదటి ఫుల్ టెస్టు కాగితం చెబుతాను. ప్రతి పార్టు మొదలుపెట్టిన టైం మార్జిన్‌లో రాయమన్నాను కాబట్టి అంతా కనబడింది. పార్ట్ ఎతో మొదలుపెట్టింది. 30 ప్రశ్నలకు 43 నిమిషాలు. అందులో ఒక్క సీటింగ్ అరేంజ్‌మెంట్ ప్రశ్న పక్కనే గీసి కొట్టేసిన మూడు వృత్తాలున్నాయి. దానికే ఆరు నిమిషాలు పోయాయి, జవాబు తప్పు. పార్ట్ సి చివర 22 ప్రశ్నలు కనీసం చదవలేదు. ఇంటికి వెళ్లి ఆ 22 రాసుకు రమ్మన్నాను. 17 సరైనవి. అంటే పార్ట్ ఎలో ఇలా పోయిన టైం కోసం చేతిలో ఉన్న 17 మార్కులు వదిలేసింది. తర్వాతి టెస్టులో చదువు ఏమీ పెరగలేదు, వరుస మార్చింది అంతే.

ఎక్కువమందికి నేను చెప్పే వరుస: ముందు సి, తర్వాత బి, చివర ఎ. లెక్కల్లో బాగా చురుకైన వాళ్లకు వేరే వరుస కుదరొచ్చు. మొదటి మూడు టెస్టుల్లో రెండు వరుసలు ప్రయత్నించి ఒకటి ఖాయం చేసుకోండి. ఆ తర్వాత పరీక్ష దాకా మార్చొద్దు. ఏ ప్రశ్న మీదైనా నిమిషంన్నర దాటితే గుర్తు పెట్టి వదిలేయండి. ఆఖరి రెండు నిమిషాల్లో ఖాళీగా ఉన్నవాటన్నిటికీ ఏదో ఒక ఆప్షన్ పెట్టండి. నెగెటివ్ లేనప్పుడు ఖాళీ వదలడం చేజేతులా మార్కు పారేసుకోవడమే.

అయిదో మెట్టు: రాసిన టెస్టును చదవడం

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే, పిల్లలు ఎగ్గొట్టేదీ ఇదే. 90 నిమిషాలు రాసిన టెస్టుకు కనీసం మూడు గంటలు పరిశీలన కావాలి, అదే రోజు కాకపోతే మర్నాడు.

టెస్టు రాస్తున్నప్పుడే, గట్టిగా తెలియకుండా పెట్టిన ప్రతి జవాబు పక్కన చుక్క పెట్టండి. తర్వాత తప్పుపోయినవాటిని, చుక్క ఉండి సరైపోయినవాటిని కలిపి ఒక నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. ఒక్కో దాని పక్కన కారణం రాయాలి: అసలు తెలియదు, తెలుసు గానీ ప్రశ్న సరిగ్గా చదవలేదు, టైం లేదు, లేక గుడ్డిగా పెడితే తగిలింది.

"కింది వాటిలో ప్రాథమిక హక్కు కానిది ఏది?" అన్న ప్రశ్నలో "కానిది" చూడకుండా మొదటి ఆప్షన్ పెట్టేయడం తెలివికి సంబంధించిన లోపం కాదు, కంటి అలవాటు. ఇలాంటివి ప్రతి టెస్టులో నాలుగైదు పోతుంటే, "కానిది", "తప్పు", "మినహా" అన్న మాటలు కనబడగానే రఫ్ పేపర్ మీద చిన్న గీత గీసే అలవాటు చేసుకోండి. రెండు టెస్టుల్లో తేడా తెలుస్తుంది. ఆస్తి హక్కు 44వ సవరణ, 1978తో ప్రాథమిక హక్కుల జాబితా నుంచి పోయి 300ఎ అధికరణ కిందికి వచ్చిందన్నది తెలియక పోయిందనుకోండి, అది చదువు లోపం. ఆ ఒక్క ముక్క కాదు, సవరణల అధ్యాయమే మళ్లీ తిప్పాలి.

చుక్కల లెక్క కూడా చూడండి. 70 మార్కులు వచ్చి చుక్కలు 40 ఉంటే, అందులో పది దాకా అదృష్టం ఇచ్చినవే అనుకోవాలి. చుక్కలు టెస్టు టెస్టుకీ తగ్గుతుంటే, మార్కులు పెరగకపోయినా మీరు సరైన దారిలోనే ఉన్నారు. వరుసగా మూడు టెస్టుల్లో మార్కులూ చుక్కలూ రెండూ కదలకపోతే టెస్టులు ఒక వారం ఆపేయండి. నోట్‌బుక్‌లో ఎక్కువసార్లు వచ్చిన రెండు మూడు అంశాలు పట్టుకుని చదవండి. ఆ వారం వృథా అని టెన్షన్ పడొద్దు.

ఎవరి క్యాలెండర్ వాళ్లది

ఇంటర్ సెకండియర్ పిల్లలకు బోర్డు పరీక్షలు మార్చిలో ముగుస్తాయి. లాసెట్ జూన్ మొదట్లో ఉంటే చేతిలో పది వారాలు. పైన చెప్పిన మెట్లు సరిగ్గా ఇందులో ఇముడుతాయి. బోర్డు పరీక్షలకు ముందు ఫుల్ టెస్టుల జోలికి పోవద్దు. రోజూ అరగంట దినపత్రిక చదివితే చాలు.

డిగ్రీ చివరి సంవత్సరం వాళ్లకు సెమిస్టర్ పరీక్షలు వేసవిలో మీద పడే అవకాశం ఉంటుంది. వీళ్లు జనవరిలోనే చదువు మొదలుపెట్టి, మార్చి నుంచి ఆదివారానికో ఫుల్ టెస్టు రాయడం మేలు. ఉద్యోగం చేస్తూ మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి సిద్ధమయ్యేవాళ్లకూ ఇదే పద్ధతి: ఆదివారం టెస్టు, సోమ, మంగళ రాత్రులు పరిశీలన, మిగతా రోజులు చదువు. అలసిపోయి వచ్చిన రాత్రి ఫుల్ టెస్టు రాయకండి. ఆ మార్కులు మీ అలసటను చూపిస్తాయి గానీ మీ స్థాయిని చూపించవు.

క్లాట్ రాసేవాళ్లకు

నల్సార్ లాంటి జాతీయ లా యూనివర్సిటీలు లక్ష్యమైతే లెక్క మారుతుంది. వాటి ప్రవేశ పరీక్ష క్లాట్ డిసెంబర్‌లో వస్తోంది, ఇంటర్ సెకండియర్ నడుస్తుండగానే. 120 ప్రశ్నలు, రెండు గంటలు, పెన్నుతో ఓఎంఆర్ షీటు (గుండ్రని గళ్లు నింపే జవాబు పత్రం) మీద, అంతా ఇంగ్లిష్‌లోనే. తప్పు జవాబుకు పావు మార్కు కోత. ప్రశ్నలు పాసేజ్‌ల మీద వస్తాయి, ఒక్కోటి 450 పదాల దాకా ఉండొచ్చు. కూడితే దాదాపు పది వేల పదాలు. నిమిషానికి 200 పదాలు చదివే పిల్లవాడికి చదవడానికే 50 నిమిషాలు పోతాయి.

కాబట్టి ఇక్కడ గడియారం మొదట పెట్టాల్సింది టెస్టుకు కాదు, చదవడానికి. వేసవి సెలవుల నుంచే రోజూ ఒక ఇంగ్లిష్ సంపాదకీయం టైం చూసుకుని చదివి, సారాంశం రెండు వాక్యాల్లో రాయండి. జులైలో ఒక్కో పాసేజ్‌కు, దాని ప్రశ్నలకు కలిపి టైం పెట్టండి. ఆగస్టు చివరి నుంచి వారానికి ఒక ఫుల్ టెస్టు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, ఎందుకంటే క్లాట్ ఆ టైంలోనే జరుగుతోంది. దసరా సెలవుల్లో రెండు మూడు ఎక్కువ రాయొచ్చు. బతుకమ్మ ఆడే సాయంత్రాలు మాత్రం వదులుకోవద్దు, టెస్టు నాలుగింటికే అయిపోతుంది కదా. ఓఎంఆర్ ప్రింట్ తీసి, ప్రతి పాసేజ్ కాగానే వెంటనే బబుల్ చేయడం అలవాటు చేసుకోండి. అన్నీ చివర్లో నింపుదామనుకుంటే ఒక్క వరుస తప్పినా మొదటికే మోసం. నాలుగు ఆప్షన్లలో కనీసం ఒకటైనా కచ్చితంగా కొట్టేయగలిగితేనే ఊహించి పెట్టండి.

క్లాట్, లాసెట్ రెండూ రాసేవాళ్లు డిసెంబర్ తర్వాత బోర్డు పరీక్షల మీద దృష్టి పెట్టి, మార్చి చివర లాసెట్ పార్ట్ సికి తిరిగి రావాలి. క్లాట్‌లో సూత్రం పాసేజ్‌లోనే ఇస్తారు. లాసెట్‌లో అధికరణలు, సెక్షన్లు మీకే గుర్తుండాలి. క్లాట్ బాగా రాశాం కదా అని నేరుగా ఫుల్ టెస్టులకు దిగొద్దు.

ఆఖరి వారం

చివరి ఫుల్ టెస్టు పరీక్షకు నాలుగు రోజుల ముందు. ఆ తర్వాత కొత్త పేపర్ ఏదీ ముట్టుకోవద్దు, స్నేహితులు పంపినా సరే. తప్పుల నోట్‌బుక్ మొదటి పేజీ నుంచి రెండుసార్లు తిప్పండి. గత ఆరు నెలల కరెంట్ అఫైర్స్ ఒకసారి చూడండి. పరీక్షా కేంద్రాలు చాలావరకు ఊరి బయటి ఇంజినీరింగ్ కాలేజీల్లోనే పడతాయి. భూపాలపల్లి, ములుగు, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లు బస్టాండ్ నుంచి అక్కడికి ఎంతసేపు పడుతుందో ముందే కనుక్కోండి. రిపోర్టింగ్ టైంకు గంట ముందు గేటు దగ్గర ఉండేలా బయలుదేరండి. ఆ ఎండలో తలకు కట్టుకోవడానికి ఒక తువ్వాలు, నీళ్ల సీసా వెంట ఉంచుకోండి.